గెలాక్సీ రాయితో ఆవకాయ జాడీ

అమ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. తప్పు నాదే. కుండల మీద పూత తయారుచేద్దామని, ఇడ్లీపిండి రుబ్బే గ్రైండర్లో చీమకుర్తి రాతిపొడి పోసి, చెంబెడు నీళ్లు పోసి, మూతపెట్టి రెండు గంటలు తిప్పాను. గ్రైండర్లో ఉన్నదీ రాయే కదా, రాయిని రాయేం చేస్తుందిలే అనుకున్నా. పొడి మెత్తబడ్డమాట నిజమే. దాంతోపాటు గ్రైండరు రాళ్లూ అరిగాయి, స్టీలు గిన్నె లోపలంతా గీతలు పడ్డాయి, బేరింగు కీచుమనడం మొదలెట్టింది. నాలుగుసార్లు కడిగి ఏమీ ఎరగనట్టు ఎత్తు మీద పెట్టేశాను. రెండోరోజు పొద్దున ఇడ్లీలు బూడిదరంగులో దిగాయి. నాన్న ఒకటి తుంచి కిటికీ వెలుగులోకి పట్టుకుని చూసి, "గెలాక్సీ ఇడ్లీ" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

మాది ఒంగోలు. ఊరి చివర రేకుల షెడ్డులో చిన్న పాటరీ పెట్టుకుని ఏడేళ్లయింది. పని నేర్చుకుంది పాండిచ్చేరిలో. అక్కడ 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టాక, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు, ఆ నేర్చుకున్నవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు అంటూ స్టోన్‌వేర్, అంటే బాగా ఎక్కువ వేడికి కాల్చే గట్టి మట్టిపాత్రలు, చేసేవాళ్లు చాలామంది తయారయ్యారు. అలాంటి ఒకావిడ దగ్గర రెండేళ్లు మట్టి పిసికి, మూడో ఏడు కుమ్మరి సారె ఎక్కాను. మా ఊళ్లో కుమ్మరి పని అంటే చెరువు మన్ను, ఆవం, ఎర్రకుండ. నేను చేసేది గ్యాసు బట్టీలో 1280 డిగ్రీల దాకా కాల్చి, గాజుపూత వేసే పని. ఆ పూతనే గ్లేజు అంటాం. అర్థం కాకపోతే మీ ఇంట్లో పచ్చడి జాడీని తలుచుకోండి. పైన తేనెరంగు, కింద తెలుపు, వేలితో మీటితే టంగుమంటుంది. అదీ సంగతి.

గ్లేజుకి కావల్సిన పొడులు బస్తాల్లో తెప్పించుకునేదాన్ని. ఫెల్‌స్పార్ అనే ఖనిజం, క్వార్ట్జ్ అంటే పలుగురాయి, సుద్ద, ఐరన్ ఆక్సైడ్, అన్నీ తెల్లటి ప్లాస్టిక్ సంచుల్లో ఒకేలా వచ్చేవి. ఒకరోజు అలా వచ్చిన బస్తాలు దించుకుంటూ ఉంటే, అదే రోడ్డు మీద పోర్టుకి పోయే ట్రైలరు ఒకటి ఆగింది. దాని మీద చీమకుర్తి గెలాక్సీ రాతి దిమ్మె ఒక్కటే ఒకటి, మా షెడ్డులో సగం ఉంది. డ్రైవరు టీ తాగొచ్చేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. మా నాన్న ఇరవైరెండేళ్లు ఆ రాయి మధ్యే బతికాడు. మా ఇంటి గడప ఆ రాయే, తులసికోట చుట్టూ పలకలు ఆ రాయే, నేను చదువుకునేటప్పుడు కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న ముక్కా ఆ రాయే. నేనేమో లోపల ఇనుము, సున్నం, ఫెల్‌స్పార్ అన్నీ ఉన్న రాయిని ఇంట్లో పెట్టుకుని, వాటినే విడివిడిగా కొనుక్కొచ్చి బకెట్లో కలుపుతున్నాను.

చీమకుర్తి మాకు ఇరవై కిలోమీటర్ల దూరం. అక్కడా, పక్కన రామతీర్థం వైపూ దొరికే నల్లరాయికి వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ అని పేరు. పొడిగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ అనిపించదు, పాత స్లేటులా ఉంటుంది. తడిపితేనే దాని రూపం బయటికొస్తుంది. కాటుక నలుపులో బంగారు చుక్కలు, అమావాస్య రాత్రి డాబా మీద పడుకుని చూసినట్టు. ఆ చుక్కలు బంగారమూ కాదు, రాగీ కాదు. బ్రాంజైట్ అనే ఖనిజం. నాన్న ముందు జాక్‌హ్యామర్ పట్టాడు, తర్వాత మార్కింగుకి మారాడు. కొనేవాళ్లు వచ్చినప్పుడు మగ్గుతో నీళ్లు తీసుకుని దిమ్మె మీద చల్లడం, తడి ఆరేలోపు పగులు ఎక్కడుందో, చుక్క పెద్దదో చిన్నదో చెప్పడం ఆయన పని. ఇప్పటికీ పెళ్లిళ్లకి వెళ్తే కల్యాణమండపం నేల మీద గ్లాసులో నీళ్లు ఒలికించి చూస్తాడు. అమ్మ గిల్లుతుంది.

క్వారీ పక్కన పనికిరాని రాయి గుట్టలుగా పడుంటుంది. నాన్నతో పనిచేసిన బాబాయ్ ఒకాయన్ని అడిగితే రెండు గోతాల పొడి పంపాడు. గ్రైండరు భాగోతం దాంతోనే జరిగింది.

రాతితో గ్లేజు చేయడం నా బుర్రలో పుట్టింది కాదు. జపాన్‌లో మషికో అనే ఊరుంది. హమదా షోజీ 1920ల్లో అక్కడ కాపురం పెట్టి, 1978లో పోయేదాకా అక్కడే పనిచేశాడు. ఆ ఊరికి పేరు తెచ్చిన ఎరుపు తిరిగిన గోధుమరంగు పూతని కాకి అంటారు. మన కాకి కాదు, అది వాళ్ల పండు పేరు. ఆ పూతకి మూలం దగ్గర్లో అషినుమ అనే చోట తవ్వే రాయి. దాన్ని మెత్తగా పొడిచేసి నీళ్లలో కలిపి పూస్తారు. పాండిచ్చేరిలో మా మేడం ఈ సంగతి చెబుతూ, "మీ ఊళ్లో గ్రానైటు ఉందిగా, మూడొంతులు గ్రానైటు, ఒకొంతు కట్టెబూడిద కలుపు, కరుగుతుంది" అని కూడా అంది. నేను ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు కొట్టాను. నా కష్టాలన్నీ ఆ రెండు గీతల దగ్గర మొదలయ్యాయి.

గ్లేజంటే గాజే. గాజుకి అసలు సరుకు సిలికా, అంటే ఇసుకలో, పలుగురాయిలో ఉండేది. అది ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి, ఏ కుండా అంత వేడికి నిలబడదు. సున్నం, సోడా, పొటాష్ లాంటివి తోడైతే సిలికా 1200, 1300 మధ్యే లొంగుతుంది. లొంగింది కారిపోకుండా కుండని పట్టుకుని ఉండటానికి అల్యూమినా కావాలి. ఈ మూడూ రాయిలో ఉంటాయి. అయితే ఏది ఎంత ఉందన్నదే రాయికీ రాయికీ తేడా.

మొదటి పరీక్ష చాలా తేలిక. రెండు పెంకుల్లో రెండు రాళ్లు పెట్టి బట్టీలోకి తోశాను. ఒకటి గెలాక్సీ ముక్క. రెండోది కిచెన్ ప్లాట్‌ఫారాలు కోసే షాపు ముందు ఏరుకున్న గులాబిరంగు గ్రానైటు ముక్క. మర్నాడు తలుపు తీస్తే గులాబిరాయి కాస్త కోణాలు అరిగి, తెల్లబడి, పైన చెమట పట్టినట్టు మెరుస్తూ అక్కడే కూర్చునుంది. గెలాక్సీ రాయి లేదు. దాని స్థానంలో పెంకు అడుగున నల్లబెల్లం పాకంలా ఒక మడుగు, అంతే. రెండూ గ్రానైటే అయితే ఒకటి కూర్చుని, ఇంకొకటి పారిపోవడం ఏంటి? ఈ ప్రశ్న నాకు ఆరోజే రావాలి. రాలేదు. "అబ్బ, ఎంత బాగా కరిగిందో" అని మురిసిపోయాను.

ఇక నోట్‌బుక్ తీసి మూడొంతులు రాయి, ఒకొంతు బూడిద కలిపాను. బూడిద కొండపి వైపు పొగాకు ఆరబెట్టే కొట్టాలు, బ్యారన్ల నుంచి తెచ్చాను. బ్యారన్ సీజన్లో ఆకు కాల్చడానికి కట్టెలు బండ్లకొద్దీ తగలేస్తారు, బూడిద ఎంత కావాలంటే అంత. జల్లెడ పట్టి, ఆరు కప్పులకి పూసి, బట్టీ ఎక్కించాను. ఆ బూడిదనీళ్లు చేతికి తగిలితే తోలు వదులుతుందని కూడా అప్పుడే తెలిసింది. గ్లౌజులు వేసుకోండి, నాలా చేయకండి.

కప్పులు ఆరూ బట్టీలోని షెల్ఫుకి అతుక్కుపోయాయి. గ్లేజు అంచు నుంచి జారి, పొట్ట మీదుగా కారి, అడుగున చేరి, చల్లారి గట్టిపడింది. కప్పు పట్టుకుని లాగితే కప్పే విరిగింది, గ్లేజు కదల్లేదు. ఉలీ సుత్తీ పట్టుకుని ఒక మధ్యాహ్నమంతా చెక్కాను. మూడు షెల్ఫుల్లో ఒకటి పోయింది. బూడిద తగ్గించి మళ్లీ చేశాను, మళ్లీ కారింది. రాయి తక్కువైందేమోనని ఇంకొంచెం పెంచాను. అప్పుడూ కారింది.

కాలేజీలో నాతో చదివి, ఇప్పుడు జియాలజీ చెప్పే స్నేహితురాలు ఒకతి ఫోన్లో ఇదంతా విని పగలబడి నవ్వింది. "ఒసేయ్, అది గ్రానైటని నీకెవరు చెప్పారే?" అంది. ఊరు ఊరంతా చెప్పింది, బోర్డుల మీద రాసుంది, నాన్న జీతం రసీదు మీద కూడా ఉంది అన్నాను. వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టే రాయి ఏదైనా గ్రానైటేనట. శాస్త్రం లెక్కలో చీమకుర్తి రాయి గాబ్రో జాతిది, గాబ్రోనోరైట్. గ్రానైటులో సిలికా డెబ్బై శాతం దాకా ఉంటుంది, క్వార్ట్జ్ గింజలు కంటికే కనిపిస్తాయి. గాబ్రో జాతిలో సిలికా యాభై శాతం చుట్టూ ఉంటుంది, విడి క్వార్ట్జ్ దాదాపు ఉండదు. మిగతాదంతా సున్నం, మెగ్నీషియా, ఇనుము, అల్యూమినా. అంటే గ్రానైటుకి లేని సున్నం దీనికి పుట్టుకతోనే ఉంది. దానికి నేను ఇంకా బూడిద పోస్తున్నాను. బూడిదలో ఉండేదీ ఎక్కువగా సున్నమే. ముదరని పాకంలో చెంబుడు నీళ్లు పోసి, గట్టిపడటం లేదేంటి అని ఏడ్చినట్టు ఉంది నా పని.

ఇది నాన్నకి చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి. ఆ ఎర్ర గ్రానైటుకి బిట్టు అరిగినట్టు దీనికి అరగదు. దాంట్లో పలుగుంటది" అన్నాడు. ఆయన డ్రిల్ బిట్టుకి తెలిసిన సంగతి నేను ఒక షెల్ఫూ పన్నెండు కప్పులూ పోగొట్టుకుని తెలుసుకున్నాను.

అక్కడి నుంచి దారి తిరిగింది. బూడిద మానేసి క్వార్ట్జ్ పొడి కలపడం మొదలుపెట్టాను. గూడూరు వైపు అభ్రకం దొరికే నేలల్లో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ రెండూ దొరుకుతాయి, అవి మాకు దూరం కాదు. చిన్న పలకలు పదకొండు చేసి, ఒక్కోదానికి క్వార్ట్జ్ మూడేసి శాతం పెంచుకుంటూ పోయాను. ఐదో పలక దగ్గర కారడం ఆగింది. ఎనిమిదో పలక దాటాక మెరుపు చచ్చిపోయి, ఎండిన అట్టులా అయింది.

ఇంతలో ఇంకో తిప్పలు. బాబాయ్ పంపిన పొడి అయిపోయి, పాలిషింగ్ ఫ్యాక్టరీ వెనక గుంటలో ఎండిన బురద తెచ్చుకున్నాను. పాలలా మెత్తగా ఉంది, రుబ్బే పనే లేదు, గ్రైండరు జోలికి పోనక్కర్లేదని సంబరపడ్డాను. ఆ బురదతో చేసిన గిన్నెల నిండా తుప్పు మచ్చలు. పైగా ఐదో పలక మీద ఆగిన గ్లేజు మళ్లీ కారడం మొదలెట్టింది. నాన్న బురద వేళ్ల మధ్య నలిపి, "ఇది గ్యాంగ్‌సా బురద" అన్నాడు. పెద్ద దిమ్మెల్ని పలకలుగా కోసే గ్యాంగ్‌సాలో బ్లేడు రాయిని నేరుగా కోయదు. ఉక్కు రవ్వ, సున్నం, నీళ్లు కలిపి మీద పోస్తూ ఉంటారు, బ్లేడు ఆ రవ్వని రాస్తూ ఉంటే రాయి తెగుతుంది. ఆ రవ్వా, ఆ సున్నమూ బురదలోనే ఉండిపోతాయి. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి బురదలో తిప్పితే గడ్డం మొలిచినట్టు ఉక్కు అంటుకుని వచ్చింది.

ఇప్పుడు నేను వాడేది వైర్‌సా బురద. క్వారీలోనే వజ్రపుపూసల తీగతో కొండ నుంచి దిమ్మెని విడదీసేటప్పుడు నీళ్లతో పాటు కారేది. దాంట్లో రాయి తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అయినా అయస్కాంతం తిప్పుతాను, వెనిగర్ చుక్క వేసి చూస్తాను. పొంగిందంటే సున్నం కలిసినట్టే. ఆ తర్వాత 100 మెష్ జల్లెడ, అంటే అంగుళానికి వంద కన్నాలుండేది, ఆపైన గుండ్లు వేసి తిప్పే డ్రమ్ము, అదే బాల్ మిల్లులో ఆరు గంటలు. అమ్మకి కొత్త గ్రైండరు కొన్న నెలలోనే బాల్ మిల్లు కూడా కొన్నాను. రెండూ కలిపి చూసుకుంటే ఆ రెండు గంటల రుబ్బుడు బాగానే ఖరీదైంది.

దుమ్ము గురించి ఒక మాట. రాతిపొడి పొడిగా ఉండగా ఎత్తి పోయను, ఊడ్వను, జల్లించను. అంతా తడి మీదే. గాబ్రోలో క్వార్ట్జ్ తక్కువే గానీ నేను కలిపే క్వార్ట్జ్ పొడి మొత్తం అదేగా. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు, అక్కడే మచ్చలు కట్టించి సిలికోసిస్ అవుతుంది, దానికి మందు లేదు. నాన్న చీమకుర్తికి రాకముందు ఎర్ర గ్రానైటు క్వారీల్లో తువ్వాలు ముక్కుకి చుట్టుకుని డ్రిల్లింగు చేశాడు. ఇప్పుడు మేడమెట్లు ఎక్కేటప్పుడు ఏడో మెట్టు మీద ఆగి, గోడకున్న కేలెండరు చూస్తున్నట్టు నిలబడతాడు. ఆ గోడకి కేలెండరు ఎందుకు పెట్టామో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడం. నేను మాస్కు లేకుండా షెడ్డులో కనిపిస్తే మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయి, "అమ్మాయ్, ముక్కు" అంటాడు. రెండే మాటలు.

మట్టిలో రాయి కలిపిన కథ వేరు. స్టోన్‌వేర్ మట్టిలో నూకంత రాతిరవ్వ కలిపితే కాల్చినప్పుడు అది కరిగి, గ్లేజు కిందనుంచి పైకి పొడుచుకొచ్చి చుక్కలు పడతాయి. జపాన్‌లోనే షిగరాకి మట్టిలో ఫెల్‌స్పార్ గింజలు సహజంగా ఉంటాయి, అవి కరిగి తెల్లటి ముత్యాల్లా బయటికొస్తాయి. నాకేమో నల్ల ముత్యాలు కావాల్సి వచ్చాయి. వైర్‌సా బురదలో రవ్వ ఉండదు కాబట్టి, క్రషర్ డస్టు ఒక ట్రాక్టరు వాడి దగ్గర గోతాం కొన్నాను. నల్లగానే ఉంది. వెనిగర్ వేయలేదు, బద్ధకం.

పద్నాలుగు గిన్నెలు చేసి, 950 దగ్గర మొదటి కాల్పు కాల్చి, గ్లేజు వేయడానికి తీరిక లేక బల్ల మీద వదిలేశాను. ముసురు పట్టిన వారం అది. మూడోరోజు సాయంత్రం షెడ్డులో కూర్చుని లెక్కలు రాసుకుంటుంటే వెనకాల టిక్ మంది. బల్లి అనుకున్నా. కాసేపటికి మళ్లీ టిక్. లేచి చూస్తే ఒక గిన్నె పొట్ట మీద పావలా బిళ్లంత పెచ్చు ఊడి బల్ల మీద పడుంది. ఊడిన గుంట మధ్యలో గుండుసూది తలంత తెల్లచుక్క. వేలితో గీకితే పిండిలా రాలింది. తెల్లారేసరికి పద్నాలుగింటిలో తొమ్మిదింటికి అమ్మవారు పోసినట్టు గుంటలు.

ఒక గిన్నె తీసుకుని అద్దంకి రోడ్డులో ఎర్రకుండలు చేసే తాత దగ్గరికి వెళ్లాను. ఆయన గుంట చూసి, పెచ్చు చూసి, నా మొహం చూసి, "సున్నం ఉడికిందమ్మాయ్" అన్నాడు. డస్టులో ఎక్కడో సున్నపురాయి పలుకులు కలిశాయి. బట్టీలో అవి కాలి పొడిసున్నం అయ్యాయి. ముసురు గాలిలో తేమ పీల్చుకుని, తొట్టిలో సున్నం ఉడికినట్టే మట్టి లోపలే ఉడికి, పొంగి, పైన ఉన్న పెచ్చుని తన్నేశాయి. మా మేడం దగ్గర అన్నేళ్లున్నా ఈ మాట వినలేదు. అక్కడ మట్టి ప్యాకెట్లలో వచ్చేది మరి. తాత చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. "చెరువు మన్నులో గవ్వ పడినా ఇంతే. మన్ను కాళ్లతో తొక్కేది ఎందుకనుకున్నా? అరికాలికి తెలుస్తది. అనుమానముంటే దించగానే నీళ్లలో ముంచు, కొంత ఆగుద్ది" అన్నాడు. తర్వాత నా గిన్నెని కాసేపు అటూ ఇటూ తిప్పి, అడుగు మందం ఎక్కువైందని కూడా చెప్పాడు. అడగలేదు నేను.

రవ్వ ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. షెడ్డు వెనక ఇనపరోట్లో గెలాక్సీ ముక్కలు తడిపి దంచి, 30 మెష్ దాటి 60 మెష్‌లో ఆగినదాన్ని ఉంచుకుంటాను. మట్టిలో ఎనిమిది శాతం దాటనివ్వను. పన్నెండు వేసినప్పుడు రాయిలోని సున్నం, ఇనుము మట్టినే కరిగించబోయాయి, పళ్లెం అప్పడంలా వంకర తిరిగింది. మార్కాపురం పలకరాయి కూడా దంచి చూశాను, అది బట్టీలో పూరీలా పొంగింది. దాని సంగతి ఇంకోసారి రాస్తాను.

గ్లేజు లెక్క అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను. గెలాక్సీ రాతిపొడి 60, పొటాష్ ఫెల్‌స్పార్ 20, క్వార్ట్జ్ 15, ద్వారకా తిరుమల బాల్ క్లే అనే మెత్తని బంకమట్టి 5. పైన 2 శాతం బెంటోనైట్, అదీ ఒకరకం బంకమట్టే. ఈ చివరిది వదిలేస్తే రాతిపొడి రాత్రికి రాత్రి బకెట్ అడుక్కి దిగి సిమెంటు దిమ్మె అవుతుంది. గరిటె పెడితే గరిటె విరుగుతుంది, నాకు రెండు విరిగాయి. కాల్చడం 10వ నంబరు కోను వంగేదాకా. కోనంటే వేడి తెలియడానికి బట్టీలో పెట్టే చిన్న మట్టి మొన. ఇనుము కొనక్కర్లేదు, రాయిలో ఉన్నదే సరిపోతుంది. మీ చేతికొచ్చే రాయి వేరే క్వారీదైతే ఈ అంకెలు మీకు అక్కరకు రావు, ముందు ముక్క పెట్టి కాల్చి చూసుకోండి. కూర్చుంటే బూడిదో సున్నమో ఇవ్వండి. పారిపోతే క్వార్ట్జ్ ఇవ్వండి.

ఇంత చేసినా మొదట్లో ఒక వెలితి ఉండేది. పూత బాగుంది, లోతైన నల్లకాఫీ రంగు, అంచుల దగ్గర తేనె. ఎగ్జిబిషన్లో "చీమకుర్తి గెలాక్సీ గ్లేజు" అని చీటీ పెడితే వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే, చుక్కలేవి? మేడం, చుక్కలు కరిగిపోయాయండి అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. బ్రాంజైట్ కూడా రాయిలో భాగమే, 1280 దగ్గర అదీ గాజైపోతుంది.

చుక్కలు తిరిగొచ్చింది గ్యాసు సిలిండరు పుణ్యాన. నా బట్టీ చిన్నది, మంట కట్టేస్తే గబగబా చల్లారిపోతుంది. ఒక రాత్రి కోను వంగాక కట్టేశాననుకుని ఒక బర్నరు సన్నమంట మీద వదిలేసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి పంతొమ్మిది కిలోల సిలిండరు ఖాళీ, బట్టీ తలుపు ఇంకా ముట్టుకోనివ్వడం లేదు. ఆ బట్టీలో వచ్చిన గిన్నెల మీద నలుపులో సన్నగా, ఆకుపచ్చ తిరిగిన బంగారు పొడి. ముందు దుమ్మనుకుని తుడిచాను, పోలేదు.

చైనావాళ్ల పాత పూతల్లో టీ డస్ట్ అని ఒకటుంది, ఇది దాని చెల్లెలు. నిదానంగా చల్లారితే గ్లేజులోని మెగ్నీషియా, ఇనుము, సిలికా ఒకచోట చేరి సన్నటి స్ఫటికాలు కడతాయి. అవి పైరాక్సీన్ అనే ఖనిజాల జాతివి. స్నేహితురాలికి ఫొటో పంపితే, "బ్రాంజైట్ కూడా పైరాక్సీనే తెలుసా" అని జవాబొచ్చింది. భూమి లోపల ఆ రాయి చల్లారడానికి ఎంతకాలం పట్టిందో గానీ, చుక్కలు అంత పెద్దవి పెరిగాయి. నేను ఐదారు గంటలిచ్చాను, ఆవాల్లో పదోవంతు పెరిగాయి. ఇప్పుడు కావాలనే 1150 నుంచి 1020 దాకా నాలుగు గంటలు సన్నమంట మీద దించుతున్నాను.

పోయిన వేసవిలో ఈ గ్లేజుతో రెండు కిలోలు పట్టే జాడీ చేశాను. లోపలా బయటా ఇదే పూత. ఆవకాయ అంటే మామూలు పరీక్ష కాదు. పులుపు, ఉప్పు, ఆవఘాటు, నూనె, ఏడాదిపాటు నానబెడుతుంది. పూత సరిగా కుదరకపోతే పులుపుకి కరిగి పచ్చట్లోకి దిగుతుంది. ముందు నిమ్మచెక్కలు పలకల మీద రెండు రాత్రులు ఉంచాను. బూడిద ఎక్కువైన పాత పలక మీద నిమ్మచెక్క గుండ్రంగా తెల్లమరక చేసింది. కొత్తదాని మీద ఏమీ లేదు.

అమ్మకి ఈ నిమ్మచెక్కల మీద నమ్మకం లేదు. గ్రైండరు విషయం ఇంకా మర్చిపోలేదు. జాడీ నిండా రాళ్లుప్పు పోసి, వాసెన కట్టి, నెలరోజులు వంటింటి మూల పెట్టింది. రోజూ పొద్దున జాడీ ఎత్తి అడుగున పాత పేపరు తడిసిందేమో చూసేది. ఉప్పు ఊరితే సందు ఉన్నట్టే అని ఆవిడ లెక్క. నెల తర్వాత పేపరు పొడిగానే ఉంది. ఏమీ అనకుండా ఉప్పు తీసేసి, కడిగి ఎండబెట్టి, కాయలు కొట్టించిన రోజున మొదటి కలుపు దాంట్లోకే ఎత్తింది.

వాసెన కట్టే ముందు నాన్న వచ్చాడు. జాడీని కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు. మగ్గుతో నీళ్లు తెచ్చి భుజం మీద నుంచి సన్నగా వదిలి, వంగి, కళ్లద్దాలు పైకెత్తి, తడి ఆరేదాకా చూశాడు. అమ్మ, "పచ్చట్లో నీళ్లు పడతాయి, జరగండి" అని అరుస్తూనే ఉంది.

"పగులు లేదు" అన్నాడు. "చుక్కే బాగా చిన్నది. ఎక్స్‌పోర్టుకి పంపరు."